నలభై ఎనిమిది గంటల నియమం

చొక్కా జేబు చూడకుండా చొక్కా నానబెట్టకూడదన్నది ఆ ఇంట్లో పదిహేడేళ్ళ నియమం. పెట్టింది ఆమె కాదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి భర్త టూరు నుంచి తెచ్చిన హోటల్ బిల్లు చొక్కాతో పాటు సబ్బునీళ్ళలో నాని ముద్దైపోతే, "చదువుకున్నదానివి, జేబు చూడాలని తెలీదా?" అన్నాడతను. అప్పటి నుంచీ చూస్తూనే ఉంది. చూసి, తీసి, నలిగిన కాగితాన్ని అరచేత్తో సాపు చేసి, తేదీల వరసన పేర్చి, తెల్లకాగితం మీద జిగురుతో అంటించి, అతను సంతకం పెట్టవలసిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కు పెట్టి ఇచ్చేది. అతను సంతకం పెట్టేవాడు. పెట్టి, చెయ్యి నొప్పి పుట్టినట్టు ఒకసారి విదిలించుకునేవాడు కూడా.

ఇప్పుడు ఆ తెల్లకాగితాలూ లేవు, జిగురూ లేదు. అతను పనిచేసే రంగుల కంపెనీ వాళ్ళు ఫోన్‌లో ఒక యాప్ పెట్టారు. బిల్లు ఫోటో తీస్తే చాలు, ఏ హోటలో, ఏ తేదీయో, ఎంతయిందో అదే చదివేసుకుంటుంది. "ఇంక నీకు ఆ బాధ తప్పింది పో, అంతా డిజిటల్" అని శుభవార్త మోసుకొచ్చింది కూడా అతనే. ఆదివారం పొద్దున టూరు నుంచి దిగీ దిగగానే పెట్టె మంచం మీద పడేసి, ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఆ బిల్లులేవో ఎక్కించెయ్. పాస్‌వర్డ్ మన పాపాయి పుట్టినరోజే."

ఆమె స్టవ్ మీద కూర అడుగంటకుండా ఒక చేత్తో కలుపుతూ, రెండో చేత్తో బిల్లుల్ని గట్టు మీద పరిచి ఒక్కొక్కటే ఫోటో తీసింది. టాక్సీలవి పదకొండు, హోటల్‌వి మూడు, భోజనాలవి ఎన్నో. వెలుగు చాలనప్పుడల్లా యాప్ 'దయచేసి మళ్ళీ తీయండి' అంది. పదిహేడేళ్ళలో ఈ బిల్లుల విషయంలో తనని 'దయచేసి' అన్నది ఇదొక్కటేనని ఆమెకి నవ్వొచ్చింది. అన్నీ ఎక్కించాక అట్టడుగున ఒక చిన్న గడి వచ్చింది. 'పై వివరాలన్నీ నేనే స్వయంగా నమోదు చేశానని ధ్రువీకరిస్తున్నాను.' పక్కన భర్త పేరు. ఆమె కూర మీద మూత పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఆ గడిలో టిక్కు పెట్టింది.

ఆఫీసులో ఆమె పనీ ఇదే. అక్కడ జీతమిస్తారు, అంతే తేడా. నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీ అది. ఎక్కడ పంపు ఆగిపోయినా ఇక్కడి నుంచి ఇంజనీర్లు పరిగెత్తాలి. వాళ్ళకి టికెట్లు, గదులు, దిగగానే కారు, తిరిగొచ్చాక బిల్లులు, అన్నీ చూసేది ఆమె. పందొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. ఆమె అసలు పేరు జీతాల రిజిస్టర్‌లో ఉందేమో గానీ ఆఫీసులో అందరికీ ఆమె టికెట్టక్కే. పెద్ద మేనేజర్ కూడా ఒకసారి మర్చిపోయి మీటింగ్‌లో అలాగే పిలిచి నాలిక్కరుచుకున్నాడు.

టికెట్టక్క దగ్గర ఎర్ర అట్ట పొడుగు పుస్తకం ఒకటుండేది. అందులో ఎవరి ఒళ్ళు ఎలాంటిదో రాసుకుంది. పొట్టి ఇంజనీరు పై బెర్తు ఎక్కలేడు, కానీ అడగడానికి నామోషీ. ఆడిటరుకి లిఫ్టు పక్క గది ఇస్తే నిద్ర పట్టదు. సర్వీసు హెడ్డుకి నడుం నొప్పి, రాత్రి బస్సు వద్దు. స్టోర్సు ఆయన కిటికీ పక్కన తప్ప కూర్చోడు, కూర్చుని దారంతా నిద్రపోతాడు. ఇవేవీ వాళ్ళు చెప్పినవి కావు. తిరిగొచ్చినప్పుడు వాళ్ళ మొహాలు చూసి ఆమె పట్టుకున్నవి. ఒక మనిషి హాయిగా ఊళ్ళు తిరగాలంటే ఇంకో మనిషి కదలకుండా ఒకచోట కూర్చోవాలని ఆమెకి ఎప్పుడో అర్థమైంది. ఆఫీసులోనూ ఆ రెండో మనిషి తనే, ఇంట్లోనూ తనే. "మమ్మల్నందర్నీ దేశమంతా తిప్పుతావు, నువ్వు మాత్రం గడప దాటవేంటక్కా?" అని ఇంజనీర్లు వేళాకోళం చేసేవారు. "నేనూ తిరగడం మొదలెడితే మీరంతా ప్లాట్‌ఫారాల మీద పడుకోవాలి" అని ఆమె కూడా నవ్వేసేది.

మూడు నెలల క్రితం ఆ ఆఫీసులోకీ యాప్ వచ్చింది. దానితో పాటు నెరిసిన గడ్డం కన్సల్టెంటు ఒకాయన వచ్చాడు. ఇక మీదట ఎవరి టికెట్ వాళ్ళే ఫోన్‌లో తీసుకుంటారు, ఎవరి బిల్లు వాళ్ళే ఫోటో తీసి పంపుకుంటారు, మధ్యలో మనిషి అక్కర్లేదని ఆయన బొమ్మలేసి చూపించాడు. ఆ బొమ్మల్లో ఎక్కడా కుర్చీ లేదు. "మీ బుర్రలో ఉన్నదంతా దీనికి నేర్పేయండి మేడమ్" అన్నాడు అడ్మిన్ మేనేజర్, ఏదో సన్మానం చేస్తున్నవాడిలా. నేర్పింది. మొదట్లో అది శుద్ధ మొద్దు. రశీదు మీద గది నంబరుంటే అదే ఖర్చనుకునేది. నాలుగు టీలని రాసుంటే నాలుగు రోజుల బస అనుకునేది. ఆమె ఓపిగ్గా దిద్దింది. మొదటి వారం రోజుకి నూరు తప్పులు, నెల తిరిగేసరికి నలభై, మూడో నెలలో ఆరు. ఎర్ర పుస్తకంలోని నడుం నొప్పులూ నిద్రలేములూ కూడా ఒక్కొక్కటే అందులోకి వెళ్ళిపోయాయి. ఆరు తప్పులే వచ్చిన రోజు మీటింగ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

ఆ మీటింగ్‌లోనే నలభై ఎనిమిది గంటల గొడవ వచ్చింది. ఎవరైనా ప్రయాణానికి అనుమతి అడిగితే అది ఫోన్‌లో పైఅధికారికి వెళుతుంది. ఆయన సరే అనొచ్చు, వద్దు అనొచ్చు. మరి ఆయన ఏమీ అనకుండా కూర్చుంటే? కన్సల్టెంటు గడ్డం నిమురుకుంటూ అదే అడిగాడు. "రెండు రోజుల దాకా జవాబు రాకపోతే సరే అన్నట్టా, వద్దన్నట్టా? ఏదో ఒకటి పెట్టాలి." వద్దన్నట్టే పెట్టండి, అదే క్షేమం అన్నాడు మేనేజర్. తలలన్నీ ఊగాయి. అప్పుడు ఎవరూ అడక్కుండానే టికెట్టక్క నోరు తెరిచింది. "వద్దండీ. అలా పెడితే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. ఊరుకుంటే పని జరిగిపోతుంది కదా పైవాళ్ళకి. తిట్లు తినేదేమో అడిగినవాడు. వద్దనుకునేవాళ్ళు వద్దని రాయాలి, పేరు పెట్టుకుని రాయాలి, ఎందుకో కూడా రాయాలి. ఊరుకున్నారంటే సరేనన్నట్టే లెక్క." అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. గొంతు అంత గట్టిగా ఎందుకొచ్చిందో తెలియలేదు. కన్సల్టెంటు మాత్రం, "కరెక్ట్ పాయింట్" అని అలాగే పెట్టేశాడు.

ఆదివారం బిల్లులెక్కించిన మర్నాడు, సోమవారం పొద్దున్నే మేనేజర్ ఆమెని గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. కూర్చోమన్నాడంటేనే సగం తెలిసిపోయింది. ఆమె కుర్చీ ఈ నెలాఖరుకి తీసేస్తున్నారు. ఇవ్వవలసిందేదో ఇచ్చి పంపేస్తారు. లేదంటే ఇంకో దారుంది. ఆరు బ్రాంచీల్లో వాళ్ళకి ఈ యాప్ ఒంటబట్టడం లేదు, మనిషి వెళ్ళి పక్కన కూర్చుని నేర్పాలి. నెలకి పది పన్నెండు రోజులు బయట ఉండాలి. ముందు ఆర్నెల్లు, తర్వాత బాగుంటే అదే ఉద్యోగం. "దీని గురించి మీకంటే తెలిసినవాళ్ళు లేరు మేడమ్. కానీ తిరుగుడు ఎక్కువ. ఇంట్లో అడిగి శుక్రవారం పొద్దున్నకల్లా చెప్పండి."

ఇంట్లో అడిగి. పందొమ్మిదేళ్ళలో కొన్ని వందల మందిని ఊళ్ళకి పంపింది ఆమె. పొట్టి ఇంజనీరుని భార్య కాన్పు రోజున పంపారు, స్టోర్సు ఆయన్ని ఇల్లు మారే రోజున పంపారు. ఇంట్లో అడిగి చెప్పమని వాళ్ళల్లో ఒక్కరితోనైనా ఎవరైనా అనగా ఆమె వినలేదు. అయినా "అలాగే సార్" అని లేచొచ్చింది. మధ్యాహ్నం దాకా పని మీద చూపు నిలవలేదు. భయమూ, భయం కింద ఎక్కడో చిన్న సంబరమూ. ఆ సంబరాన్ని చూసి మళ్ళీ భయం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పింది. భర్త విన్నాడు. విన్నట్టు ఆమెకి తెలుసు, ఎందుకంటే నములుతున్నవాడు ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ నమిలాడు. "మంచినీళ్ళు" అన్నాడు. ఆమె లేచి తెచ్చింది. అతను తాగి, చెయ్యి కడుక్కుని, టీవీ ముందుకెళ్ళి కూర్చున్నాడు.

అది అతని పద్ధతి. అతను కొట్టడు, తిట్టడు, గొంతు పెంచడు. బంధువుల్లో అతనికి బంగారంలాంటి మనిషని పేరు. ఏదైనా అడిగితే ఊరుకుంటాడు, అంతే. పెళ్ళైన మూడో ఏడు ఆమె సాయంత్రం కాలేజీలో పై చదువు చదువుతానంది. ఊరుకున్నాడు. ఫీజు కట్టే గడువు దాటిపోయింది. తర్వాత ఒకసారి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "నేను వద్దన్నానా?" అన్నాడు. నిజమే, అనలేదు. బస్సుల్లో నిలబడలేక స్కూటర్ కొనుక్కుంటానంది. ఊరుకున్నాడు. మూడు వారాలు ఇంట్లో పొడి పొడి మాటలు, చప్పుడయ్యేలా మూసుకునే తలుపులు. స్కూటర్ ఊసు ఆమే ఎత్తడం మానేసింది. "కొనుక్కోవద్దని నేనెప్పుడన్నా అన్నానా?" అన్నాడు ఏడాది తర్వాత, నలుగురిలో, నవ్వుతూ. పదకొండేళ్ళ క్రితం ఆఫీసు తరఫున రెండ్రోజుల మీటింగ్‌కి ఆమె పేరు వచ్చింది. టికెట్ తనకి తనే తీసుకుంది, జీవితంలో మొదటిసారి. ఇంట్లో చెప్పింది. ఇంట్లో చప్పుడు లేదు. ఆ చప్పుడు లేని ఇంట్లో నాలుగు రోజులు తిరిగి, ఐదో రోజు తన టికెట్ తనే క్యాన్సిల్ చేసుకుంది. కారణం రాయవలసిన చోట 'సొంత పనులు' అని రాసింది. అప్పటికే ఎర్ర పుస్తకంలో తన పేరుకి ఒక పేజీ తీసిపెట్టుకుని ఉంది. పేరొక్కటే ఉంది అందులో.

అత్తగారిది కూడా ఎప్పుడూ ఇదే మాట. "వాడు నిన్ను ఒక్క మాటన్నాడా? నీకు నువ్వే మానేసుకుని వాడి మీద పడతావేంటి?" తిట్టినవాడితో పోట్లాడొచ్చు. అనని మాట మీద ఎలా పోట్లాడడం? ఎవరితో చెప్పినా తనకే పిచ్చి అంటారు. కొన్నేళ్ళు పోయేసరికి ఆమెకే అనుమానం పట్టుకుంది, నిజంగా నాకు నేనే మానుకుంటున్నానేమో, భయస్తురాలినై ఆ నెపం ఆయన మీద వేస్తున్నానేమో అని. అన్నిటికంటే ఆ అనుమానమే ఆమెని ఎక్కువ తినేసింది.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల విరామంలో, ఊరికే చూద్దామని, యాప్‌లో ప్రయాణికురాలిగా తన వివరాలు నింపడం మొదలుపెట్టింది. పేరు, పుట్టిన తేదీ, ఆపదొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి. చకచకా నింపేసింది. తర్వాత, 'మీకు ఏ సీటు ఇష్టం? కిటికీ పక్కన / నడవ పక్కన.' ఆమె వేలు ఆగిపోయింది. నూట నలభై మందికి ఏ సీటు ఇష్టమో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. తనకి తెలియదు. కుటుంబంతో ఎక్కడికెళ్ళినా పాపాయి కిటికీ దగ్గర, అత్తగారు బాత్రూమ్‌కి లేస్తారని నడవ దగ్గర, భర్త కాళ్ళు చాపుకునేందుకు వీలైన చోట. మిగిలిన దాంట్లో ఆమె. ఆ గడి ఖాళీగా వదిలి ముందుకెళ్ళబోతే యాప్ వెళ్ళనివ్వలేదు. 'ఈ వివరం తప్పనిసరి' అని ఎర్రక్షరాల్లో అంది. దాన్ని అలా పెట్టమన్నది కూడా ఆమే. తప్పనిసరి చెయ్యకపోతే ఇంజనీర్లు బద్ధకించి వదిలేస్తారని. ఫోన్ పక్కన పెట్టి డబ్బా మూత తీసింది. ఏడుపు వస్తోంది, అదీ ఒక సీటు కోసం. ఎవరైనా చూస్తే నవ్వుతారని బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుంది.

ఆ సాయంత్రం ఆరింటికి, భర్త టీవీ ముందు, అత్తగారు కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని, పదో తరగతి చదువుతున్న పాపాయి బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటూ ఉండగా, ఆమె వచ్చి టీవీకి కాస్త పక్కగా నిలబడింది.

"ఏవండీ, నిన్న చెప్పిన సంగతి. ఇప్పుడు ఆరయింది. ఎల్లుండి, గురువారం సాయంత్రం ఆరింటి దాకా టైముంది. మీకిష్టం లేకపోతే వద్దని చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి. ఏమీ అనకపోతే సరేనన్నారని అనుకుంటాను. తర్వాత నేనేమైనా అన్నానా అనడానికి లేదు."

అతను ఆమె వైపు తిరిగి చూశాడు. చాలా రోజుల తర్వాత నిండా చూశాడు. పాపాయి పెన్ను ఆగిపోయింది. "ఏంటిది, ఆఫీసా?" అన్నాడు. అతను టీవీ సౌండ్ పెంచాడు.

బుధవారమంతా అతను మామూలు కంటే ఎక్కువ మాట్లాడాడు. నీలం సాక్సు ఏది అన్నాడు. కూరలో ఉప్పు తగ్గిందన్నాడు. సోమవారం తనకి టూరుంది, పెట్టె చక్రం ఊగుతోంది, చూపించమన్నాడు. ఈ ఒక్కటీ తప్ప అన్నీ అన్నాడు. ఆమె లోపల లోపల ఏర్పాట్లు చేసుకుంటూ పోయింది. అత్తగారి మాత్రలు పూటకొక గడి ఉన్న డబ్బాలో సర్దింది. పనావిడతో ఇంకో గంట ఎక్కువ ఉండగలవా అని మాట్లాడింది. ఏ పూట ఎవరికి ఏం కావాలో రాసి ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. అంటించాక ఆ కాగితాన్నే చూస్తూ నిలబడిపోయింది. ఆయన ఊరెళ్ళేటప్పుడు ఇలాంటి కాగితం ఎప్పుడైనా అంటించాడా? జేబులో చెయ్యి పెట్టుకుని గడప దాటేస్తాడు. ఇల్లు తనంతట తను నడుస్తుందనుకుంటాడు.

అత్తగారికి రాత్రి మాత్ర ఇస్తుంటే ఆవిడ నీళ్ళ గ్లాసు పట్టుకుని ఆగింది. "మీ మావయ్య కూడా ఏమీ అనేవారు కాదు" అంది, ఎటో చూస్తూ. "మా అన్నయ్య కొత్త ఇంట్లోకి రమ్మని ఎన్నిసార్లో ఉత్తరాలు రాశాడు. చదివి వినిపించేవారు. మడిచి పెట్టేసేవారు. అంతే. నలభై ఏళ్ళు, ఆ ఇంటి తలుపు ఏ రంగో నాకు తెలీదు." ఆవిడ మాత్ర మింగి, గ్లాసు తిరిగిచ్చి, "అయినా నువ్వు పోతే పొద్దున్నే నా మాత్రలెవరిస్తారు?" అంది విసుగ్గా.

గురువారం ఆమె అయిదింటికల్లా ఇల్లు చేరింది. టూరు లేని రోజుల్లో భర్త నాలుగింటికే వచ్చేస్తాడు. హాల్లో ఉన్నాడు, ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె వంటింట్లో బీన్సు ముందేసుకుని కూర్చుంది. గోడ గడియారం అయిదూ ఇరవై అంటోంది. ఇంకో నలభై నిమిషాలు ఈయన ఇలాగే ఊరుకుంటే చాలు. నియమం తనే పెట్టింది, అందరి ముందూ చెప్పింది, ఇక వెనక్కి పోయేది లేదు. అలా తనకి తను చెప్పుకుంటుండగానే బీన్సు తరుగుతున్న చెయ్యి ఆగిపోయింది. ఊరుకుంటే సరేనన్నట్టని నోటితో అనేసింది గానీ, ఆ ఊరుకోవడం ఎలా ఉంటుందో ఈ ఒంటికి తెలుసు. రేపు పొద్దున తలుపు చప్పుడవుతుంది. కంచం నెట్టేస్తాడు. శనివారానికి అత్తగారి మోకాలి నొప్పి ఎక్కువవుతుంది. ఆదివారానికి పాపాయి మొహం వాడిపోతుంది. సోమవారానికి తన చేతులే ఫోన్ తీసి, 'సొంత పనులు' అని రాసేస్తాయి. యాప్‌కి నేర్పినంత తేలిగ్గా ఒంటికి నేర్పలేమని అప్పుడు తెలిసింది. నిజంగా భయపడింది ఆమె, అతనికి కాదు, తనకి.

అయిదూ యాభై రెండుకి అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఒక చెయ్యి గుమ్మం మీద ఆనించాడు.

"వద్దు" అన్నాడు.

ఆమె చాకు కింద పెట్టింది. "ఏంటండీ?"

"ఆ ఊళ్ళు తిరిగే ఉద్యోగం. వద్దు. చెప్పమన్నావుగా, చెప్తున్నాను. నేను వద్దంటున్నాను."

ఆమె ఆ మాట పూర్తిగా విన్నది. కళ్ళు తిరుగుతాయనుకుంది, తిరగలేదు. ఇన్నేళ్ళు ఇంటినిండా పరుచుకుని, ఎటు కదిలినా తగిలిన ఆ వద్దు ఇదేనా? రెండక్షరాలు. గుమ్మంలో నిలబడి, బనీను మీద, ఆరు కాకుండానే చెప్పెయ్యాలని గడియారం చూసుకుని వచ్చిన ఒక మనిషి నోట్లోంచి వచ్చిన మాట. దానికో యజమాని ఉన్నాడు. తను ఊహించుకున్నది కాదు, తన పిరికితనం కాదు. ఇన్నేళ్ళ అనుమానం ఒక్కసారిగా వదిలిపోయి ఆమెకి ఒళ్ళు తేలికైంది, కోపం కూడా వచ్చింది.

"ఎందుకు?" అంది.

"ఎందుకేంటి? అమ్మనెవరు చూస్తారు?"

"పనావిడ ఏడింటి దాకా ఉంటానంది. ఆ తర్వాత మీరు. మీ అమ్మగారే కదా."

"నాకూ టూర్లుంటాయి."

"మీ టూర్ల తేదీలు మీ ఫోన్‌లోకి నేనే ఎక్కిస్తాను. అవి లేని రోజులే అడిగి తీసుకుంటాను. రెండు కలిసినప్పుడు ఒకసారి మీరు మార్చుకోండి, ఒకసారి నేను మార్చుకుంటాను."

"పాపాయి పదో తరగతి."

"తొమ్మిదో తరగతిలో దాని లెక్కల మాస్టారి పేరేంటో చెప్పండి."

అతను గుమ్మం మీది చెయ్యి దించేశాడు. "నాకిష్టం లేదు. అంతే. సరేనా?"

"సరే. విన్నాను. మీకిష్టం లేదు, వద్దన్నారు." ఆమె లేచి నిలబడింది. గొంతు మామూలుగానే వచ్చింది. "నేను వెళ్తున్నాను."

"మరి అడగడమెందుకు?" అన్నాడతను. ఆ ప్రశ్నలో కోపం కంటే అయోమయం ఎక్కువుంది. అతను తన వంతు ఆట సరిగ్గానే ఆడాడు, నియమం ప్రకారం, గడువు లోపల.

ఆమె బీన్సు పక్కకి జరిపింది. "నేనూ ఇందాకటి దాకా మీ అనుమతి అడుగుతున్నాననే అనుకున్నాను. కాదు. మీరేమంటారో వినాలనుకున్నాను. ఇన్నేళ్ళూ మీరు చెప్పలేదు."

అతను వెళ్ళిపోయాడు. హాల్లో టీవీ సౌండ్ పెరిగింది, పడగ్గది తలుపు దభాలుమంది. ఆమెకి తెలిసిన చప్పుళ్ళే అవి. ఈ ఇంట్లో ముందున్న రోజులు ఎలా ఉండబోతాయో ఆమెకి తెలుసు. అయినా బీన్సు మళ్ళీ ముందుకి లాక్కుని మిగతావి తరిగింది.

కూర పొయ్యి మీదికెక్కాక హాల్లోకి వచ్చింది. సోఫా మీద అతని మాసిన చొక్కా పడుంది, జేబు ఉబ్బుగా ఉంది. ఎప్పటి అలవాటో, చెయ్యి జేబు దాకా వెళ్ళింది. ఈ వారం ఊళ్ళో తిరిగిన టాక్సీల బిల్లులు కాబోలు, కాగితాలు వేళ్ళకి తగిలాయి. తీయలేదు. చొక్కాని అలాగే మడిచి అతని పెట్టె మీద పెట్టింది. కుర్చీలోంచి అత్తగారు అదంతా చూస్తూనే ఉంది. "ఇదిగో" అని పిలిచింది. ఏమంటుందోనని ఆమె తిరిగి చూసింది. "మాత్రల డబ్బా ఎక్కడ పెట్టావో వాడికి చూపించి వెళ్ళు" అంది ఆవిడ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆమె బల్ల దగ్గర కూతురి పక్కన కూర్చుని ఫోన్ తెరిచింది. మంగళవారం నుంచీ ఆ ఎర్రక్షరాలు అక్కడే ఎదురుచూస్తున్నాయి. పాపాయి పుస్తకం మూసి తలొంచి చూసింది.

"కిటికీనా, నడవా?"

"తెలీదే. కిటికీ పెట్టు. నచ్చకపోతే వచ్చేటప్పుడు మార్చుకుంటాను."

పాపాయి వేలితో నొక్కింది. పేజీ కదిలింది. మూసున్న పడగ్గది తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"నాన్న వద్దన్నారు కదమ్మా?"

"అన్నారు. అందుకే వెళ్ళగలుగుతున్నాను" అంది ఆమె. "అనకుండా ఉంటే ఆగిపోయేదాన్ని."